ఒబ్డూలియా బండి నేర్చిన సంగతి

ఒబ్డూలియాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది ఇరవై ఎనిమిదో ఏట. స్టీరింగు పట్టింది నలభై ఆరో ఏట. మధ్యలో పద్దెనిమిదేళ్లూ ఆ కార్డు బ్యాంకులో గుర్తింపుగా చూపించడానికే పనికొచ్చింది. మా మెక్సికో నగరంలో అప్పట్లో అంతే. డబ్బు కట్టు, ఫొటో దిగు, పో. బ్రేకు ఏ కాలి కింద ఉంటుందని అడిగిన నాథుడు లేడు.

నా కూతురి బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకున్న మనిషి ఆమె. అందుకే మేం ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటాం. నేను కింద జుట్టు కత్తిరిస్తాను, ఆమె పై అంతస్తులో కేకులు చేస్తుంది. ఆడపిల్లల పదిహేనో పుట్టినరోజుకు మూడంతస్తుల కేకులు! వాటిని మూడు పెట్టెల్లో కట్టి మెట్రోలో మోసుకుపోతుంది. టాక్సీ ఎక్కితే సంపాదన సగం దానికే. మెట్రోలో ఎవడి మోచెయ్యో తగిలి క్రీము గులాబీ అప్పడమయ్యేది. చూసి చూసి నాకే ఒళ్లు మండేది.

ఈ మార్చిలో సతెలితెలోని ఒక విందు హాలు యజమానురాలు ప్రతి శనివారం కేకు తమకే ఇమ్మంది. అది ఊరికి ఆ చివర. "ఒంటిగంటకల్లా చెక్కుచెదరకుండా రావాలి. మెట్రోలో తెస్తానంటే నాకొద్దు," అని ముందే చెప్పింది. జూన్ మొదటి శనివారంతో మొదలు.

ఒబ్డూలియాకు నిద్ర పట్టలేదు.

"ఈ ఊళ్లో బండి తోలడం నావల్ల అవుతుందంటావా, కొమాద్రే? ఆ మినీబస్సుల వాళ్లు మనుషుల్నే లెక్కచెయ్యరు."

"లైసెన్సు ఉంది, కింద మీ ఆయన కారుంది. ఇంకేం కావాలే నీకు?"

"ధైర్యం కావాలి. అది ఏ కౌంటర్లో ఇస్తారో చెప్పు, పోయి వరసలో నిలబడతా."

మొగుడు ఎవారిస్తో రెండు రోజులు నేర్పాడు. నేర్పడమా అది! "క్లచ్! క్లచ్ అన్నానా! నీకు చెప్పేకంటే గోడకు చెప్పడం నయం!" అని వీధంతా వినిపించేలా అరిచాడు. మూడో రోజు ఆమె నడిరోడ్డు మీద దిగి ఇంటికి నడిచొచ్చేసింది.

చివరికి నేర్పింది దోన్ నాబోర్. మా వీధిలో ఎర్రగుడ్డ ఊపుతూ కార్లు పెట్టించే ముసలాయన. "నాకు కారు లేదమ్మా. కానీ ముప్పై ఏళ్లుగా అందరి తప్పులూ చూస్తున్నా," అన్నాడు. రోజూ పొద్దున్నే మార్కెట్టు వెనక ఖాళీ స్థలంలో పాఠం.

"వచ్చెయ్, వచ్చెయ్, ఇంకా వచ్చెయ్... ఆగు! ఆగమంటే ఆగాలి తల్లీ, అది చెత్తబండి!"

ఇంటి ముందు చోటు ఆపుకోవడానికి జనం పెట్టుకున్న పెయింటు బకెట్లు ఎన్ని చితికాయో లెక్కలేదు. రోజూ సాయంత్రం నా కుర్చీలో కూలబడి ఏడ్చేది. "ఇక చాలు, మానేస్తున్నా," అనేది. తెల్లారితే మళ్లీ తాళాలు పట్టుకుని బయల్దేరేది. మే చివర్లో ఒక్కతే సతెలితె దాకా వెళ్లి తిరిగొచ్చింది. చెమటకు జాకెట్టు పిండితే కారేలా ఉంది, మనిషి మాత్రం పకపకా నవ్వుతోంది.

మొదటి శనివారం రానే వచ్చింది. పెట్టెలు వెనక సీట్లో ఎక్కించాం. దోన్ నాబోర్ ఎర్రగుడ్డతో వచ్చి అద్దం వైపు చూసి ఆగిపోయాడు.

"ఈ స్టిక్కరు ఎప్పుడు అంటించారమ్మా? రెండో నంబరు, అంటే పొగ ఎక్కువ వదిలే పాత బండి. ఈ బండి ఏ శనివారమూ రోడ్డెక్కకూడదు. పోలీసులు చూస్తే కారే లాక్కుపోతారు."

మొన్న బుధవారమే ఎవారిస్తో కారును పొగ తనిఖీకి తీసుకెళ్లాడు. పదిహేనేళ్లు నిండిన బండికి ఆ స్టిక్కరే ఇస్తారట. నడిచే మాలాంటి వాళ్లం ఈ నంబర్లు ఏనాడు చూశాం?

ఎవారిస్తో కాఫీ కప్పుతో మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది ఒబ్డూలియా.

"తెలీకేం? కారు వయసు నాకు తెలీదా? మార్చిలోనే తెలుసు."

"మరి మూడు నెలలూ చెప్పలేదేం?"

"నువ్వు నిజంగా నేర్చుకుంటావని ఎవరనుకున్నారు!"

నా చేతిలో కత్తెర ఉంది. దేవుడే కాపాడాడు అతణ్ణి. ఒబ్డూలియా పెట్టెలు దించి టాక్సీ పిలిచింది. టాక్సీవాడు దారిలో ప్రతి స్పీడు బ్రేకరునీ ఎగిరి దాటాడు. రెండున్నరకు చేరేసరికి పై పెట్టె కింది దాని మీద పడి కేకు చితికిపోయింది. శనివారాల బేరం అక్కడితో సరి. యజమానురాలు మరీ రాయి కాదు. "ఆదివారాలు చిన్న బాప్తిస్మ విందులుంటాయి. తేగలవా?" అంది. ఒబ్డూలియా ఎవర్నీ అడక్కుండానే తెస్తానంది.

ఆదివారాలు ఎవారిస్తోకు ఫుట్‌బాల్. పెళ్లయిన నాటి నుంచీ ఆ రోజు కారు అతనిదే. ఆ పై ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బూట్లు భుజాన వేసుకుని కిందికి దిగాడు. ఒబ్డూలియా అప్పటికే స్టీరింగు ముందు బెల్టు పెట్టుకుని కూర్చుంది.

"ఏయ్, దిగు! నాకు ఆట ఉంది. నేనెలా పోవాలి?"

ఆమె అద్దం సరిచేసుకుని గేరు వేసింది.

"మెట్రోలో పో. నీ చేతిలో కేకు కూడా లేదుగా."