ఆసామికి కూడా బియ్యం

ఇంట్లో బియ్యం నిండుకున్నా పైకి చెప్పకపోవడంలో మా అమ్మను మించినవాళ్లు సిరిసిల్లలో లేరనుకునేదాన్ని. మా వాడ వాడంతా ఆమెకు సరిజోడేనని తెలంగాణ ఉద్యమం రోజుల్లో తెలిసింది.

అప్పుడు నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను. సమ్మెతో కాలేజీ మూతపడితే ఇంటికొచ్చాను. నూలు లారీలు రాక మా వాడలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, ఆగిపోయాయి. సాంచా ఆడితేనే నాన్నకు కూలి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయినదాన్ని, అది లేక నాకు కునుకు పట్టేది కాదు.

అయినా ఉద్యమమంటే మాకు పట్టరాని ఉత్సాహం. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేసేవాళ్లం, వచ్చినవాళ్లంతా వరుసగా కూర్చుని తినేవాళ్లు. దానికోసం పక్క ఊళ్ల రైతులు ట్రాక్టరు మీద బియ్యం పంపారు. మిగిలిన బస్తాలు పస్తులుంటున్న ఇళ్లకు ఇద్దామని వాడ కమిటీ అనుకుంది. పేర్లు రాసే పని నాకు అప్పజెప్పారు. నోటుబుక్కు చంకలో పెట్టుకుని పెద్ద ఆఫీసరులా బయల్దేరాను.

మొదటి ఇల్లు మాదే. అమ్మ అప్పుడే భోంచేసి లేచినట్టు కొంగుతో మూతి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మాకేం తక్కువైందే? పక్కింట్ల ముసలమ్మ ఉన్నది, ఆమె పేరు రాస్కో పో."

ముసలమ్మ నన్ను కసిరింది. "నాకెందుకు బిడ్డా? ఎదురింటోళ్లకు చిన్నపిల్లలున్నరు, ఆళ్లకియ్యి."

ఎదురింటివాళ్లు మా ఇల్లు చూపించారు! వాడ చివరిదాకా ఇదే తంతు. ఒక్క పేరూ పడలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ పొద్దున మా ఇంట్లో చెల్లెలికి ఇంత జావ పోసి, మిగతావాళ్లం మంచినీళ్లు తాగి ఊరుకున్నాం మరి.

వాడ మొదట్లో చాయ్ హోటల్ నడిపే పెద్దాయన కమిటీలో ఉండేవాడు. మేమంతా చాచా అనేవాళ్లం. ఖాళీ పుస్తకం ఆయన ముందు విసిరేశాను.

"ఒక్కలు గూడ ఒప్పుకుంటలేరు చాచా!"

"నువ్వు అడుగుడే తప్పు బేటీ. మీరు బీదోళ్లా అని ఇంటి ముంగట నిలవడి అడుగుతే ఎవ్వలు అవునంటరు? గా పుస్తకం పక్కకు పెట్టు. వాడల అందరికి ఇద్దాం. ఆసామికి గూడ."

ఆసామి అంటే నాన్న పనిచేసే సాంచాల యజమాని. రెండంతస్తుల మేడ ఆయనది.

"గాయనకెందుకు బియ్యం?" అని ఎగిరాను.

"ఆయన రాకపోతే మీ అమ్మ రాదు" అన్నాడు చాచా.

అందరికీ ప్రభుత్వమే ఇంత అని ఆదాయం ఇవ్వాలా అని టీవీల్లో ఇప్పుడు వాదించుకుంటున్నారు. ఉన్నవాళ్లకెందుకు అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నేనూ అడిగినదాన్నే కాబట్టి వాళ్లను తిట్టలేను.

ఆసామితో చాచా ఏం మాట్లాడాడో తెలియదు. మర్నాడు ఆయన స్వయంగా చేతిసంచి పట్టుకొచ్చి అందరికన్నా ముందు నిలబడ్డాడు. అది చూశాక ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ముసలమ్మ వచ్చింది, ఎదురింటివాళ్లు వచ్చారు. చివరికి అమ్మ వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని. కోరుట్లలో బీడీలు చుట్టుకుంటూ పెరిగిన మనిషి, ఎవరి ముందూ చెయ్యి చాచి ఎరగదు. బియ్యం తీసుకున్న ఆసామి ఇంటికి పోకుండా, మా నాన్నతో ఉద్యమం కబుర్లు చెబుతూ అక్కడే ఉన్నాడు.

బియ్యం కొలిచేవాడు అమ్మను అడిగాడు, "ఇంట్ల ఎంతమంది?"

అమ్మ వాడంతా వినేలా చెప్పింది.

"నలుగురం. నిన్నటి సంది ఎవ్వలం కడుపునిండ తినలే. జర నిండుగ కొలువు."

తల వంచలేదు, గొంతు తగ్గించలేదు. మా అమ్మను చూసి నేను అంతగా గర్వపడ్డ రోజు మరొకటి లేదు.