నోటీసు తెచ్చిన షెహనాయి: ఫలక్‌నుమాలో ఒక రోజు

పాత వాద్యాలంటే చెవి కోసుకునే కొందరం నెట్‌లో ఒక గ్రూపు నడుపుకుంటున్న రోజులవి. ఆఫీసు మిత్రుడి చెల్లెలి పెళ్ళిలో యూసుఫ్ భాయ్ వాయించిన షెహనాయిని నా చిన్న కెమెరాతో తీసి, ఆయన పేరు కూడా వేసి అందులో పెట్టాను. అందరూ ఆహా ఓహో అన్నారు. వారం తిరక్కుండానే ఒక శనివారం పొద్దున మెయిలు వచ్చింది: ఆ బాణీ హక్కులు ఒక క్యాసెట్ కంపెనీవట. సాయంత్రంలోగా వీడియో తీసెయ్యాలట, కాదంటే రుజువు చూపాలట, లేకపోతే వీడియో పెట్టినవాళ్ళ మీదా, వాయించినవాళ్ళ మీదా చర్య తప్పదట. నా సంగతి సరే, వాయించినవాళ్ళ మీద అన్న మాట చదివేసరికి గుండె జారిపోయింది. కాఫీ కూడా తాగకుండా ఫలక్‌నుమాలో ఉన్న ఆయన ఇంటికి బయల్దేరాను.

మీరు సికింద్రాబాద్ నుంచి వస్తే లోకల్ రైలెక్కి చివరి స్టేషన్‌లో దిగితే చాలు, టికెట్ పది రూపాయల లోపే. సంతోష్‌నగర్‌లో ఉండే నాకు ఆటోనే దిక్కు. చాంద్రాయణగుట్ట దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఎంతకీ కదల్లేదు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, రోజూ గిట్లనే ఉంటది" అన్నాడు డ్రైవరు, ఇంజన్ ఆపేసి పాన్ నములుతూ. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండింది. స్టేషన్ దగ్గర దిగి, యాభై రూపాయలు డ్రైవరు చేతిలో పెట్టి, వెనక సందుల్లోకి నడిచాను.

యూసుఫ్ భాయ్ గుమ్మంలో కూర్చుని షెహనాయి పీకను నీళ్ళలో తడుపుతున్నాడు. సాయంత్రం బరాత్ ఉందట, పెళ్ళికొడుకు ఊరేగింపులో వాయించాలట. గడగడా సంగతంతా చెప్పి, "ఆ బాణీ ఎవరిదండీ?" అని అడిగాను.

గురువును తలచుకునే ముందు ఈ సంగీతం వాళ్ళు చేసినట్టే చెవి తమ్మె పట్టుకున్నాడు. "మా ఉస్తాద్‌ది సార్. పెండ్లికొడుకు గుమ్మం ఎక్కేటప్పుడే ఊదుతం."

ప్రాణం లేచొచ్చింది. "మరి క్యాసెట్‌లో ఉన్నది?"

"గది గూడ నేనే ఊదిన. మస్తు ఏండ్లాయె. పిలిస్తె పోయిన. పొద్దుందాక ఊదిపిచ్చుకున్నరు, ఏదో కాయితం మీద దస్తఖత్ తీస్కున్నరు. డబ్బా మీద నా పేరు గిట్ల ఎయ్యలె."

అంటే తను వాయించిందాన్ని తనే దొంగిలించాడని ఆయన మీద ఫిర్యాదు! "ఇదే రాసి పంపుతాను, వాళ్ళ సంగతి తేల్చుకుందాం" అన్నాను.

"నా పేరు రాయకుండ్రి సార్!" అంటూ దిగ్గున లేచాడు. "కోర్టు లొల్లి నాకెందుకు? ఇయ్యాల బరాత్‌ల నేను గది ఊదొచ్చా, ఊదొద్దా? ముందుగాల గది చెప్పుండ్రి."

నాకేం తెలుసు? పెళ్ళిలో ఫర్వాలేదనుకుంటానండీ అంటూ నీళ్ళు నమిలాను. ఆయన నా మాట నమ్మలేదు. ఇద్దరం స్టేషన్ దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్ళి గ్రూపులోంచి వీడియో తీసేశాం. "పోయిందా? పక్కా పోయిందా?" అని నా భుజం మీదుగా వంగి మళ్ళీ మళ్ళీ అడిగాడు.

పొద్దుగూకాక, ఆయనే రమ్మంటే, బరాత్ వెంట నడిచాను. పెళ్ళికొడుకు గుమ్మం దగ్గరికి రాగానే డప్పులు ఆగాయి. యూసుఫ్ భాయ్ షెహనాయి ఎత్తి, నావైపు చూసి, దించేశాడు. పొద్దున అలవాటుగా వేసుకొచ్చిన కెమెరా నా మెడలో వేలాడుతోంది. నేను దాన్ని ముట్టుకోనైనా లేదు. "ఏమాయె భాయ్, ఊదు!" అని పెళ్ళికొడుకు మామ కసిరాడు. ఆయన కదల్లేదు. నాకు అప్పటికి అర్థమై, కెమెరా తీసి సంచిలో కుక్కి జిప్ లాగాను. అప్పుడు ఆ బాణీ మొదలుపెట్టాడు.

హక్కు కంపెనీదో, ఉస్తాద్‌దో నాకు ఇప్పటికీ తేలలేదు. అంత హాయిగా వాయించే మనిషికి ఈ భయం పట్టుకుందే అని మాత్రం చాలా బాధగా ఉంది. పెళ్ళిళ్ళ రోజుల్లో సాయంత్రం పూట ఆ సందుల్లోకి తప్పకుండా వెళ్ళండి. ఎవరూ మిమ్మల్ని ఎందుకొచ్చారని అడగరు. ఒక్కటే సలహా: కెమెరా ఇంట్లో పెట్టి వెళ్ళండి. అది కనిపిస్తే ఆయన వాయించడు.