తలదీపావళి దుప్పటి

మగ్గాలు అమ్మేసిన తర్వాత నాకు ఒక చోట కూర్చోవడం చేతకాలేదు. సూలూరు పక్కన మా ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డులో నా పెళ్లికి ముందు నుంచీ పవర్‌లూములు ఆడేవి. ఆ చప్పుడులోనే తిన్నాను, పడుకున్నాను, కూతుర్ని పెంచాను. వాటిని లారీ ఎక్కించి పంపిన మర్నాటి నుంచి ఇంట్లో ప్రతి చిన్న శబ్దమూ వినిపించసాగింది. పేపరు పట్టుకుంటే మొదటి పేజీ దాటకముందే లేచేవాణ్ని. బాగానే నడుస్తున్న నీళ్ల మోటారును విప్పి మళ్లీ బిగించాను. గేటుకు రంగు వేసి, ఆరిందో లేదో అని ముట్టుకుని, వేలిముద్ర పడిన చోట మళ్లీ వేశాను.

ఆ రోజుల్లో నా భార్య ఒక దుప్పటి కుడుతూ ఉండేది. మా అమ్మాయిని ఆ ఏడే వాడిపట్టి దగ్గర ఒక రైతు కుటుంబంలో ఇచ్చాము. పెళ్లయ్యాక వచ్చే మొదటి దీపావళిని మా వైపు తలదీపావళి అంటాము. కూతురూ అల్లుడూ మా ఇంటికి వచ్చి, తెల్లవారకముందే తలంటు పోసుకుని కొత్త బట్టలు కట్టుకోవాలి. ఆ పొద్దున వాళ్ల చేతిలో పెట్టడానికే ఈ దుప్పటి. రంగురంగుల గుడ్డముక్కల్ని చదరాలుగా కుట్టి, ఆ చదరాలన్నీ ఒకదానికొకటి అతకాలి. చదరాన్ని మా ఇంట్లో తమిళ మాటతోనే కట్టం అంటాము. ఒక కట్టంలో చిచ్చుబుడ్డి, ఒకదాంట్లో అతిరసాల పళ్లెం, అంటే మన అరిసెలే, ఇంకోదాంట్లో నూనెగిన్నె. ఎలా కుట్టాలో ఆమె ఫోనులో చూసి నేర్చుకుంది.

నేను ఆమె మిషను చుట్టూ తిరిగేవాణ్ని. దారం బిగువు ఎక్కువైందనేవాణ్ని. ఈ ఎరుపు పక్కన ఆ ఎరుపు కుదరదనేవాణ్ని. కత్తెర తీసి ఎక్కడో పెట్టి మరిచిపోయేవాణ్ని. ఒక మధ్యాహ్నం ఆమె మిషను ఆపి కొన్ని ముక్కలు నా ముందు పెట్టింది.

"చుమ్మా ఊరికే తిరగాకండి. ఈ ఒక్క కట్టం మీరు కుట్టండి. కుట్టినంక మాట్లాడండి" అంది.

నాకు వచ్చింది భూచక్రం. ఎర్ర త్రికోణం, పసుపు త్రికోణం పక్కపక్కన పెట్టి తిప్పుకుంటూ పోతే నేల మీద గిర్రున తిరిగే చక్రంలా కనిపిస్తుంది. త్రికోణాల మొనలన్నీ నడిమధ్యలో ఒకే చోట కలవాలి. ఇన్నేళ్లు గుడ్డ నేసినవాణ్ని, గుడ్డ గురించి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. ఐమూలగా కత్తిరించిన గుడ్డ చేతిలో రబ్బరులా సాగుతుందని కుట్టడం మొదలుపెట్టాకే తెలిసింది. మొనల్లో సగం కుట్టులోపలికి పోయాయి. చదరం ఒక పక్కకు ఒరిగింది. విప్పాను. రెండోసారి ఇస్త్రీపెట్టెతో అదిమి సరిచేద్దామని చూస్తే ఇంకా సాగింది. మళ్లీ విప్పాను. ఆమె ఓరకంట చూసి తన గుడ్డముక్కలు కత్తిరించుకుంటూ పోయింది. అది నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వలేదు. అన్నానికి పిలిచినా లేవకుండా మిషను తొక్కాను.

ఇంతలో అమ్మాయి ఫోను చేసింది. అల్లుడి నాయనమ్మ పోయింది. చాలాకాలంగా మంచాన ఉన్న మనిషే. అయినా ఇంట్లో పెద్దతల పోయాక ఆ ఏడు పండగలు లేవు. తలదీపావళీ లేదు. నా భార్య మెల్లగా ఫోను పెట్టేసి, కుట్టిన కట్టాలన్నీ పాత చీరలో మూటగట్టి బీరువాలో పెట్టేసింది. వచ్చే ఏడు చూద్దాంలే అంది. నేను మాత్రం నా కట్టం ఇవ్వలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాను.

కర్మలయ్యాక పరామర్శకు బయల్దేరాము. దిండిగల్‌లో బస్సు మారాలి. అంతదూరం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. జేబులోంచి కట్టం తీసి సూదితో చేతికుట్టు వేయసాగాను. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా సూది వేలికి గుచ్చుకునేది. పక్క సీటాయన నన్ను, నా మీసాన్ని, ఎర్రపసుపు గుడ్డను మార్చి మార్చి చూశాడు. నా భార్య కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

వాడిపట్టి ఇంట్లో మగవాళ్లు తోటకు పోయి ఉన్నారు. మా అమ్మాయి తల్లిని లోపలికి తీసుకుపోయింది. నేను వసారాలో కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. వియ్యపురాలు కాఫీ తెచ్చి ఇచ్చి, ఎదురుగా గోడకు ఆనుకుంది. ఆమె కూడా నిలవలేకపోతోందని కాసేపటికి గమనించాను. మాట మధ్యలో గబుక్కున లేచి పక్కగదిలోకి పోయింది. గదిలో ఖాళీ నులకమంచం ఉంది. దాని దాకా పోయి, ఒక క్షణం నిలబడి, తిరిగి వచ్చింది.

"ఈ పొద్దుకు అత్తమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టాల అన్నా. లేకుంటే వీపు పుండుపడుతుంది. ఆమె పోయినా నా కాళ్లు పోతానే ఉండాయి" అంది.

నేను మా షెడ్డు సంగతి చెప్పాను. మగ్గాలు పోయినా కరెంటు పోయినప్పుడల్లా ఉలిక్కిపడి షెడ్డు తలుపు దాకా పరుగెత్తుతానని, అక్కడిదాకా పోయాక ఎందుకొచ్చానో గుర్తొస్తుందని చెప్పాను. నా భార్యకు కూడా అది చెప్పలేదు. వియ్యపురాలు తల ఊపింది. చెబుతూ చెబుతూ అలవాటుగా జేబులోంచి కట్టం తీసి అంచు లాగుతున్నాను కాబోలు, అదేమిటని అడిగింది. విషయమంతా చెప్పి, పండగలేని ఇంటికి దీన్ని తెచ్చినందుకు ఏమీ అనుకోవద్దన్నాను.

"పండగే చేయకూడదు. దుప్పటి కుట్టకూడదని ఎవురు చెప్పినారు? ఇట్ల ఇయ్యండి" అని చెయ్యి చాపింది.

వెలుతురుకు పట్టి చూసింది. పక్కలు లాగి చూసింది. అడగకుండానే నా కుట్టు సగం విప్పేసింది. అంచుల్ని లాగకుండా గుడ్డను ఒళ్లో పరిచి, మొనలు కలవాల్సిన చోట ముందు ఒక టాకా వేసి, అక్కడి నుంచి బయటికి కుట్టుకుంటూ పోయింది. నన్ను దారం ఎక్కించి ఇమ్మంది. ఇచ్చాను. లోపలి నుంచి నా భార్యా, అమ్మాయీ వచ్చి గడపలో నిలబడ్డారు. అమ్మాయి ఏదో అనబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. మొనలన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి నేను మరీ సాగదీసిన ముక్క. ఉండనీయండి, మంచం మీద పరిస్తే ఎవురు చూస్తారు అంది వియ్యపురాలు.

భోజనాలయ్యాక సాయంత్రం బస్సుకు వచ్చేశాము. కట్టం ఆమె దగ్గరే ఉండిపోయింది. ఇంటికి రాగానే నా భార్య బీరువా తెరిచి, మిగిలిన గుడ్డముక్కల్లోంచి కొన్ని ఏరి, వియ్యపురాలికి కొరియరులో పంపమని నాకిచ్చింది. అవి అందిన రోజు వాడిపట్టి నుంచి ఆమె ఫోను చేసింది. ఆకుపచ్చ పక్కన ఏ రంగు పెట్టాలో ఆడవాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకూ ఒక మాట చెప్పాలని ఉంది. నీలం వద్దని. ఫోను నా చేతికి ఎప్పుడొస్తుందా అని వంటింటి గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాను.