ఆయ్ అనని ఊరు

మా ఎదురింటి టీచరుగారు మొన్న ఆదివారం పొద్దున్నే పోయారు. వాకిట్లో చేరినవాళ్లకి ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. మా కాలవ పక్కన ఫ్యాక్టరీ కోసం మళ్లీ సభ పెడుతున్నారని ముందురోజే చాటింపు వేశారు మరి. ఇప్పుడే పోవాలా ఈవిడ?

మొదటి సభ సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేముందు ఊరివాళ్ల అభిప్రాయం అడగాలని రూలు. కాకినాడ నుంచి వచ్చిన అధికారి బడి ఆవరణలో షామియానా కింద నిలబడి, ఫ్యాక్టరీ నీళ్లు కాలవలో కలిసినా చేపలకీ చేలకీ ఏమీ కాదని చాలాసేపు చెప్పాడు. ఎదుటిమనిషి మాట్లాడుతుంటే వింటున్నామని తెలియడానికి మేం 'ఆయ్' అంటాం. అది మర్యాద, అంతే. ఆయన ఆగినచోటల్లా ఆయ్ అన్నాం. చివర్లో 'ప్రజలంతా సమ్మతించారు' అని మైకులో చదివేసి కారు దగ్గరికి నడిచాడు.

టీచరుగారు కారుకి అడ్డంగా నిలబడ్డారు.

"నేనూ ఆయ్ అన్నానండి. విన్నానని అన్నాను, ఒప్పుకున్నానని కాదు. మళ్లీ సభ పెట్టండి. మీ రిపోర్టు తెలుగులో ఇవ్వండి."

ఆవిడ ఎంత కోపంలోనూ 'అండి' మానరు. ఆఫీసుల చుట్టూ తిరిగి, తిరిగి, రెండో సభ పెట్టించారు. ఈలోగా సాయంత్రాలు వాళ్ల అరుగు మీద మాకు తర్ఫీదు. తనే అధికారిలా నిలబడి, మీ ఊరు బాగుపడుతుందని ఊరించేవారు. నోరు జారి ఆయ్ అన్నవాళ్లు బడిపిల్లల్లా లేచి నిలబడాలి. మా నాన్నగారు అక్కడ కూర్చున్నదానికంటే నిలబడిందే ఎక్కువ.

రెండో సభలో ఒక్కరూ ఆయ్ అనలేదు. అధికారికి మాట తడబడింది, వింటున్నారా అని అడిగాడు. టీచరుగారు లేచారు.

"వింటున్నామండి. ఒప్పుకోవట్లేదు. రెండూ విడివిడిగా రాసుకోండి."

ఫ్యాక్టరీ అప్పటికి ఆగింది. ఈవేళ మా కాలవలో రొయ్య బతికుందంటే ఆవిడ చలవే. ఆ రుణం నేను మర్చిపోను, ఊరివాళ్లనీ మర్చిపోనివ్వను.

సమాధుల తోటకి ఫ్యాక్టరీ తరఫు పెద్దమనిషి ఒకాయన పూలదండతో వచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన అవగానే గొంతు సవరించుకుని, ఆవిడ ఆత్మశాంతి కోసమైనా ఈసారి గొడవలు లేకుండా సహకరించండి అన్నాడు. అని, ఆగాడు.

మా నాన్నగారి పెదవులు కదిలాయి. మళ్లీ బిగుసుకున్నాయి.

ఊరంతా ఆ పెద్దమనిషి మొహంలోకే చూస్తూ నిలబడింది. పెట్టె మీద మట్టి పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.