దొరసాని తోలుపట్టీలు

ఏటా ఉగాది మరునాడు అటక మీది రేకుపెట్టె దించి మూత తీస్తాను. ముందు ఆముదం వాసన, దాని వెనకే మేకతోలు వాసన, ఆ రెంటి అడుగున ఎక్కడో ఎండిన ఈకల వాసన ముక్కుకు తగులుతాయి. లోపల ఉన్నవి జానెడేసి తోలుపట్టీలు రెండు, ఒక్కోదానికి శనగగింజంత ఇత్తడి గజ్జె. పాతగుడ్డకు నాలుగు చుక్కల ఆముదం అద్ది, తోలు పెళుసెక్కకుండా రుద్దుతూ కూర్చుంటాను. లేని పిట్టకు ఈ సేవలేమిటని మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ, దానికి దొరసాని సంగతి తెలియదు.

డెబ్బైల చివరి మాట. మా ఊరు కదిరికీ గోరంట్లకూ నడుమ, రాతికొండల కింద. వాన మా వైపుకు చుట్టపుచూపుగా వస్తుంది, ఆ ఏడు ఆ చూపు కూడా లేదు. శెనక్కాయ చేలు పూత దగ్గరే మాడిపోయి, మొక్క పీకితే కాయలకు బదులు దుమ్ము రాలేది. బావిలో బొక్కెన వేస్తే నీళ్ల చప్పుడు కాక రాతి చప్పుడు వినిపించేది. పొద్దుగూకితే మేకల డెక్కల కింద లేచిన ఎర్రదుమ్ము, అరుగు మీద గచ్చకాయలాడే మా కళ్లలోనూ సంగటి ముద్దలోనూ పడేది. అంత కరువులోనూ మా ఇంట్లో వారానికి రెండుసార్లు మాంసం కూర ఉడికేదంటే, అది నాయన చేతి మీది డేగ పెట్టిన భిక్ష.

నాయన డేగలు ఆడించేవాడు. చలి మొదలవగానే కొండవాలులో వల పన్ని జాలెడేగను పట్టేవాడు. పావురమంత పిట్టే గాని, పూరేడు పిట్టలకూ కౌజులకూ అది యముడు. పట్టిన మొదటి వారం దాన్ని ఎడమచేతి మీంచి దించేవాడు కాదు. కుడిచేత్తో సంగటి తింటూ, ఎడమచేతి మీది దానితో కబుర్లు చెబుతూ, జనం చప్పుడుకు అలవాటు కావాలని కదిరి బస్టాండుకు నడిచిపోయి టీ బంకు ముందు గంటలకొద్దీ నిలబడేవాడు. అదేం పని ఓబన్నా అని ఎవరైనా ఎగతాళి చేస్తే, బడికి తోలుకొచ్చినా అనేవాడు. ఆ ఏటి పిట్ట ఆడది. పసుపుపచ్చ కళ్లతో ఎదుటివాణ్ణి కిందినుంచి పైదాకా చూసి తల తిప్పుకునేది. అందుకే దానికి దొరసాని అని పేరు పెట్టాను. కొడుకులు లేని నాయన ఆ ఏడు దాన్ని విసరడం నాకు నేర్పాడు. విసరడమే మరి: కాళ్లు, తోక అరచేతిలో ఇముడ్చుకుని, పూరేడు లేచిన క్షణాన బల్లెంలా ముందుకు విసరాలి.

వేటకు ముందునాటి మధ్యాహ్నం నుంచి దానికి మేత పెట్టకూడదు. "ఆకలి డేగ మనది మే సుంకీ, కడుపు నిండిన డేగ కొండది" అని నాయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. రెండో మాట ఇంకా గట్టిగా చెప్పేవాడు. డేగ పోతే పోనీ, కాలికి పట్టీలతో మాత్రం పోకూడదు, ముళ్లకొమ్మకు తోలు చిక్కితే తలకిందులుగా వేలాడి చస్తుంది అని. ఎవరిదో డేగ అలాగే పోయి, మూడు రోజులకు సండ్రచెట్టుకు ఎండిన ఆకులా వేలాడుతూ కనబడిందట. ఎవరిదని అడిగితే మాట మార్చేవాడు.

ఉగాది మరునాడు వేట మా వైపు ఆనవాయితీ. ఆ రోజు దొరికితే ఏడాదంతా దొరుకుతుందని నమ్మకం. మా ఇంట్లో దానికి ఇంకొక ముడి ఉండేది. అది డేగకు ఆఖరి వేట. సాయంత్రం దానికి కడుపునిండా మేపి, పట్టీలు కోసి, కొండకు వదిలేయాలి. గూడు కట్టుకునే కాలంలో ఉంచుకుంటే పాపం అనేవాడు నాయన. ఆ ఏడు పండగకు నాలుగు రోజుల ముందే ఆయన పాదంలో తుమ్మముల్లు విరిగి చీము పట్టింది. వేట తప్పితే కరువు ఇంకో ఏడు పాతుకుపోతుందని అవ్వ భయం. చివరకు, కొండ కింది వాగువంక దాటకుండా చేని గట్ల మీదనే ఆడించుకుని రమ్మని నన్నే పంపాడు. నాకు పదకొండేళ్లు.

పండగనాడు ఓళిగలు, అవే బొబ్బట్లు, మనిషికి ఒకటే వచ్చాయి. బెల్లం కంటే పిండి ఎక్కువైన ఆ ఓళిగను నెయ్యి చూపించి పెట్టింది అమ్మ. నేను తింటుంటే గుంజ మీది దొరసాని రెప్ప వేయకుండా చూసింది. రేపు వెళ్లిపోయే పిట్ట, మన కోసం చలికాలమంతా వేటాడిన పిట్ట, పస్తుంటే నేను తీపి తింటున్నానే అనిపించింది. తెల్లవారి వేటకు బయల్దేరినప్పుడు దొడ్డిగోడ మీద రెండు తొండల్ని కొట్టి, ఎవరూ చూడకుండా దానికి పెట్టాను. సాయంత్రం ఎలాగూ మేపుతారు కదా, ఒక పూట ముందైతే ఏమని నా తెలివి.

మూడో గట్టు దగ్గర పూరేడు లేచింది. విసిరాను. దొరసాని దాన్ని పట్టించుకోనైనా లేదు. రెక్క వాల్చి గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, రేగుచెట్టు మీద వాలి ఈకలు దువ్వుకుంది. ఈలవేసి మాంసం ముక్క చూపించాను. తల తిప్పుకుంది. దగ్గరికి పోతే ఇంకో చెట్టు, అక్కడికి పోతే ఇంకొకటి. అలా వంక దాటి కొండ ఎక్కింది. గజ్జెల చప్పుడు వెనకే నేనూ ఎక్కాను. దాని కాళ్లకు పట్టీలున్నాయి, కట్టింది నేను, మేపింది నేను. ఎండిన ఆకు మాట గుర్తొచ్చి నా నడక పరుగైంది.

మధ్యాహ్నానికి కొండ వెనక లోయలో ఉన్నాను. ఊరు ఎటుందో తెలియలేదు. బండ మీద కాలుజారి పడితే, నీళ్లకని భుజాన వేసుకున్న సొరబుర్ర పగిలి నీళ్లన్నీ నా కళ్లెదుటే రాతిలో ఇంకిపోయాయి. తడిసిన రాతిని నాకాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. వానాకాలంలో నిండుండే దొనలో తొంగిచూస్తే బండ గుంటలో పచ్చని పెచ్చులు తప్ప తడి లేదు. నాలుక పిడచకట్టి, ఈల వేద్దామన్నా పెదవులు కలవలేదు. గజ్జెల చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో కూడా గమనించలేదు. ఒక సండ్రచెట్టు కింద కూర్చుని ఏడ్చాను, ఏడిస్తే నీళ్లు ఖర్చవుతాయని భయపడి ఆపేశాను.

ఎండ వాలాక గువ్వలు జతలు జతలుగా ఒకే దిక్కుకు పోవడం చూశాను. సాయంత్రం పూట గువ్వ పోయే దారి నీళ్ల దారి అని అవ్వ చెప్పిన మాట కాళ్లను లేపింది. పోతే ఎండిన వంక, దాని ఇసుకలో మోకాలి లోతు గుంట, అడుగున దోసెడు నీళ్లు. గుంట అంచున పొడవాటి గోళ్ల గీతలు, ఇంకా తడిగా ఉన్నాయి. ఎలుగుబంటి తవ్వుకున్న చెలమ అది. తెలిసే పడుకుని తాగాను. రెండో గుక్క మింగుతుండగా తల మీద గజ్జె మోగింది.

గట్టున ఉన్న సండ్రచెట్టుకు దొరసాని తలకిందులుగా వేలాడుతోంది. రెండు పట్టీలూ మెలిపడి ముళ్లకొమ్మకు బిగుసుకున్నాయి. రెక్కలు తెరిచి, నోరు తెరిచి, ఉండుండి ఒక్కసారి కొట్టుకుంటోంది. ముళ్లు గీరుకుంటుంటే చెట్టెక్కాను. కొమ్మ మీద పడుకుని దాన్ని గుండెకు హత్తుకోగానే కింద ఇసుకలో ఏదో నడిచిన చప్పుడు.

ఎలుగుబంటి తన చెలమ దగ్గరికి వచ్చింది. నా వాసన తగిలిందేమో, గుంట చుట్టూ మూతితో వెతికి గుర్రుమంది. ఎలుగులు చెట్లెక్కుతాయని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. దొరసాని కదిలితే గజ్జె మోగుతుంది. రెండు గజ్జెల్నీ కుడి గుప్పిట్లో మూశాను. భయపడిన డేగకు పట్టుకోవడమొక్కటే తెలుసు, నా ఎడమచేతిలోకి నాలుగు గోళ్లూ దించింది. నెత్తురు మోచేతి దాకా కారి, అక్కణ్ణుంచి బొట్లు బొట్లుగా ఆకుల మీద పడింది. భుజం మీది రవిక గుడ్డను పళ్లతో కరిచిపట్టి, పెద్దమ్మ తల్లికీ కొండకూ ఎలుగుకూ కలిపి మొక్కుకున్నాను. ఎలుగు తాగింది. మళ్లీ తవ్వి మళ్లీ తాగింది. ఆ తాగడం నా పదకొండేళ్ల కంటే ఎక్కువసేపు పట్టింది. చివరకు ఒళ్లు దులుపుకుని ఎగువకు పోయింది.

నడుమున ఉన్న చాకు తీసి దొరసాని కాళ్ల దగ్గర ముడులు కోశాను. ఇంటికి తీసుకుపోవాలనే అనుకున్నాను, నాయన చేత్తో వదలాలి కదా. కాని పట్టీ తెగిన కాలిని పట్టుకోవడానికి ఏముంది? అది నా చెయ్యి వదిలి పై కొమ్మ మీదికి పాకి, ఈకలు విదిలించి, ఊపిరి కుదిరేదాకా కూర్చుంది. నన్నొకసారి కిందినుంచి పైదాకా చూసింది. ఎగిరిపోయింది. నేను ముళ్లలోంచి పట్టీలు ఒక్కొక్కటే విడదీసుకుని దిగాను.

ఆ కొండ నీళ్లన్నీ చివరకు మా చెరువులోకే చేరాలి కాబట్టి వంక పల్లానికి నడిచాను. చెరువు కట్ట కనబడే వేళకు పొద్దు కుంకుతోంది. వంకలోనే ఎదురొచ్చాడు నాయన, కర్ర మీద బరువు వేసి, చీము పాదాన్ని ఇసుకలో ఈడ్చుకుంటూ. నన్ను చూసి ఆగిపోయాడు. ముఖం చూశాడు, చెయ్యి చూశాడు. 

"పట్టీలు యాడుండాయి?"

గుప్పిట తెరిచాను.

"రెండూనా?"

"రెండూ నాయనా. పొద్దున నేనే మేపినా. రెండు తొండలు పెట్టినా."

కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను. ఆయన ఇసుకలో కూలబడి నా చేతిని ఒళ్లోకి తీసుకుని తలపాగా చించి కట్టు కట్టడం మొదలుపెట్టాడు. ముడి వేస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"నేను ఎలకను పెట్టినా మే. నీ అంతే ఉంటి. నాది దొరికేతలికి మూడు దినాలయ్యె."

ఆయన ఏడవడం ఆ రోజే చూశాను. ఎవరి డేగ అని ఆ తర్వాత నేనెప్పుడూ అడగలేదు.

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు డేగను పట్టడం నేరం, మంచిదే, ఆ చట్టం ఆ రోజుల్లోనే మా ఊరిదాకా వచ్చి ఉంటే దొరసాని ఆ కొమ్మకు వేలాడేది కాదు. కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. వంక ఇసుక లారీలకెక్కి పోయింది, చెలమ తవ్వుదామంటే రాయి తగులుతుంది. చేలల్లో పూరేళ్లు లేవవు, గువ్వలు ఎటు పోతాయో చూసే పిల్లలూ లేరు. ఉగాదికి ఓళిగలు మాత్రం ఎవరికి కావలసినన్ని వారికి. నా ఎడమచేతి మీద నాలుగు మచ్చలు, ముడతల మధ్య వెతికితే కనబడతాయి.

ఆముదం పట్టించడం అయ్యాక గుడ్డ మడిచి పక్కన పెడతాను. పట్టీలు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని పెట్టె మూస్తాను.