హవల్దారు లాయరు భయపడిన వారం

ఇంటి ముందు ఏ బండైనా ఇంజను ఆపకుండా నిలబడితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. నిన్న మధ్యాహ్నం ఎవరో అడ్రసు అడగడానికి ఆగారు, అంతే. ఆ డీజిల్ గురగుర వినగానే కిటికీ దగ్గరికి వెళ్ళి, తెర సందులోంచి నంబరు చూశాను. తిప్పేస్వామి సార్ దగ్గర జూనియర్‌గా ఉన్న రోజుల్లో, ఒకే ఒక్క వారంలో పట్టుకున్న అలవాటది.

సార్‌ది ఉరవకొండ పక్కన ఒక పల్లె. వరుసగా మూడేళ్ళు వేరుశనగ ఎండిపోతే సైన్యంలో చేరి, పదిహేడేళ్ళ తర్వాత హవల్దారుగా తిరిగొచ్చారు. ఫిరంగుల మోతకు ఎడమ చెవి పోయింది. ఆ వయసులో అనంతపురంలో కుర్రవాళ్ళ మధ్య కూర్చుని లా చదివి, పన్నుల వకీలయ్యారు. హవల్దారు లాయరు అంటే ఊళ్ళో అందరికీ తెలుసు. ఎంత పని ఉన్నా ఒంటిగంటకు ఇంటికి వెళ్ళి భార్య సరస్వతమ్మ గారితో కలిసి తినేవారు. ఎందుకు సార్ అని ఒకసారి అడిగితే, "పదిహేడేండ్లు ఆయమ్మ ఒక్కతే కూర్చోని తినింది. ఇంక చాలమ్మా" అన్నారు.

ఒకరోజు పొద్దున తాడిపత్రి నుంచి ఓబులమ్మ అనే ఆమె వచ్చింది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. చేతిలో పన్నుల శాఖ నోటీసు. ఆమె పేరు మీద ఒక గ్రానైటు కంపెనీ ఉందనీ, అది పన్ను ఎగ్గొట్టిందనీ, అందుకే ఆమె బ్యాంకు ఖాతా నిలిపేశామనీ అందులో ఉంది.

"కంపెనీ యాడుండాదమ్మా?" అని అడిగారు సార్, కుడి చెవి ఆమె వైపు తిప్పి.

"నాకేం తెల్సు సార్. బోనసు ఇస్తామని మా ఓనరు ఆధార్ కార్డు, ఫోటో తీసుకున్యాడు. ఇప్పుడు బ్యాంకోళ్ళు నా కూలి దుడ్లు ఇచ్చేకి కాదంటాండారు."

సార్ నోటీసు రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టారు. వెంటనే కేసు తీసుకోకపోవడానికి కారణం నాకు తెలుసు. మా క్లయింట్లలో సగం మంది తాడిపత్రి ఫ్యాక్టరీల వాళ్ళే. ఆ ఓనరు మా దగ్గరికి వచ్చేవాడు కాదుగాని, వాళ్ళందరికీ కావలసినవాడు, చేతిలో మనుషులున్నవాడు. "వకాలతు రాయి శైలజా" అన్నారు చివరికి.

మూడో రోజు ఓనరు మనిషి వచ్చాడు. పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా, ఏం పని?" అన్నారు సార్.

"ఏం లేదన్నా, పలకరిచ్చి పోదామని వచ్చినా. మీ పాప స్కూటీలో కాలేజీకి పోతాండాది గదా. ఆ దావలో లారీలు ఎక్కువ. జాగర్తగా ఉండమని చెప్పన్నా."

అతను వెళ్ళిపోయాక సార్ నీళ్ళ గ్లాసు ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టేశారు. కూతురి కాలేజీకి ఫోన్ చేసి, ఆమె క్లాసులోనే ఉందా అని అడిగారు. యుద్ధభూమి చూసొచ్చిన మనిషికి భయం ఉండదని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ సాయంత్రం నుంచి ఒక తెల్ల బండి ఆయన ఇంటి ఎదురుగా, ఇంజను ఆపకుండా నిలబడడం మొదలైంది.

మర్నాడు ఒంటిగంటకు నన్నూ ఇంటికి రమ్మన్నారు. సరస్వతమ్మ గారు సంగటి వడ్డిస్తున్నారు. కూతురు కవిత అప్పుడే కంచం ముందు కూర్చుంది. సార్ జరిగినదంతా, లారీల మాటతో సహా, ఏదీ తగ్గించకుండా చెప్పారు.

"నాకు భయంగా ఉండాది" అన్నారు. "బార్డర్లో ఉన్నప్పుడు, పోతే నేనొక్కణ్ణే పోతాననే ధైర్యం. ఇప్పుడు అట్ల కాదు. మీరు వద్దంటే ఆ ఫైలు వాపసు ఇచ్చేస్తా."

సరస్వతమ్మ గారు గరిటె పక్కన పెట్టారు. "మీరు మిలిట్రీలో ఉన్నన్ని దినాలు యాడుండారో, ఏమైతాండాదో తెలీకుండానే బతికినా. ఈసారన్నా నన్ను అడుగుతాండారు." కవిత వైపు చూసి, "పాపను మీరే కాలేజీలో ఇడ్సి, మీరే పిల్చుకోని రాండి. ఆ యమ్మను మాత్రం వదలొద్దండి" అన్నారు.

"నాదీ అదే మాట నాయనా" అంది కవిత. స్కూటీ తాళం తీసి తండ్రి ముందు పెట్టింది.

ఆ సాయంత్రమే సార్, నేను తెర సందులోంచి చూసి చెప్పిన బండి నంబరు వేసి పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చారు. వాళ్ళు రసీదు ఇచ్చారు. బండి మాత్రం కదల్లేదు.

ఆ వారం చివర, విచారణ రోజు మేమిద్దరం తాడిపత్రి వెళ్ళి ఓబులమ్మను బస్సులోనే తీసుకొచ్చాం. బస్సయితే చుట్టూ జనం ఉంటారని సార్ కారు వద్దన్నారు. ఆమెను మా మధ్య కూర్చోబెట్టుకున్నాం. వెనక అద్దంలో తెల్ల బండి అనంతపురం దాకా కనిపిస్తూనే ఉంది. పన్నుల ఆఫీసు మెట్ల దగ్గర ఓబులమ్మ నిలబడిపోయింది.

"నాకొద్దు సార్. ముదిగుబ్బలో మా యమ్మ దగ్గరికి పోయి గొర్లు కాసుకుంటా."

"పోతానంటే నేను ఆపనమ్మా. నీ బతుకు నీది. నువ్వు రాకపోయినా, లోపల నేను చెప్పేది నేను చెప్తా."

ఆమె కాసేపు రోడ్డు మీది బండినే చూసింది. తర్వాత మా కంటే ముందు మెట్లెక్కింది.

లోపల అధికారి కంపెనీ అద్దె ఒప్పందం తీసి ఆమె ముందు పెట్టారు. కింద ఓబులమ్మ పేరుతో ఇంగ్లీషులో గొలుసుకట్టు సంతకం. "ఇది నీదేనా?" అని అడిగారు. ఓబులమ్మ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది. "నాకు వేలిముద్ర తప్ప ఏమీ రాదు సార్" అంది. అధికారి ఆ సంతకాన్నీ, బండల దుమ్ముకు పగిలిన ఆమె వేళ్ళనూ మార్చి మార్చి చూసి, ఆమె మాట రాసుకోవడానికి కలం మూత తీశారు.

కొన్ని నెలలకు నోటీసు రద్దయింది. ఓనరు మీద కేసు పెట్టారు. తెల్ల బండి రావడం మానేసింది, తాడిపత్రి క్లయింట్లూ రావడం మానేశారు. సార్ ఆఫీసు గది ఖాళీ చేసి, ఇంటి ముందరి గదిలో బల్ల వేసుకున్నారు. ఆరేళ్ళు అక్కడే పనిచేశారు. ఒక మధ్యాహ్నం సరస్వతమ్మ గారితో కలిసి భోంచేసి, పడుకుని, మళ్ళీ లేవలేదు.

పన్నుల చట్టం నాకు ఎవరైనా నేర్పి ఉండేవారు. భయాన్ని ఇంట్లోవాళ్ళకు చెప్పి, వాళ్ళ మాట విన్నాకే అడుగు వేయడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పోయిన నెల ఒక గొర్రెల కాపరి అలాంటి నోటీసే పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అతన్ని కూర్చోమని చెప్పి ఇంట్లోకి వెళ్ళాను. నా భర్తనూ, అత్తమ్మనూ పిలిచి, నాకు భయంగా ఉందనే మొదలుపెట్టి అంతా చెప్పాను.

మా అత్తమ్మ ఒకటే అడిగింది. "ఆ మనిషి ఇప్పుడు యాడుండాడు?"

"బయట బెంచీ మీద కూర్చోనుండాడు."

"మరి ఈడేం చేస్తాండావు? పో, లోపలికి పిల్చు."