ఆగండి, విమానం!

విమానం బాబాయ్ గురించి సినిమావాళ్ళు ఒక మాట చెప్పుకుంటారు. ఎక్కడో పైలట్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోగానే ఈయనకు ఇక్కడ వినపడిపోతుందట. పుట్టగానే ఏడవబోయి, పక్కగదిలో గ్లాసు చప్పుడైతే చేయెత్తి అందరినీ ఆపి, అది సద్దుమణిగాకే ఏడ్చాడని కూడా అంటారు. రెండోదాన్ని నమ్మనివాళ్ళు కూడా మొదటిదాన్ని నమ్ముతారు.

సినిమాలకు శబ్దం రికార్డు చేయడం ఆయన పని. ఎవరికీ వినపడని చప్పుడు వినపడిందని షూటింగు ఆపేయడం ఆయన అలవాటు. హెడ్‌ఫోన్ మీద ఎడమచేయి, గాల్లోకి కుడిచేయి, కళ్ళు మూత. "ఆగండి!" అన్నాడంటే ఇక ఈగ కూడా వాలకూడదు. ఈ సినిమాకు వచ్చిన రోజే ఫ్రిజ్ ఆపించాడు. తర్వాత గోడగడియారం నోరు మూయించాడు. ఆ తర్వాత దర్శకుడి వైపు తిరిగి, "పొద్దున ఏమీ తినలేదా బాబూ? కడుపులోంచి వస్తోంది" అన్నాడు. ఆ అబ్బాయి చేత నాలుగు ముద్దలు తినిపించాకే షాట్ తీయనిచ్చాడు.

దర్శకుడికి అది తొలి సినిమా. ఏళ్ళ తరబడి మాటల్లేని తల్లీకూతుళ్ళ కథ. ఉన్నవి రెండు గదులు, ఒక పెరడు. తల్లి వేషానికి పేరున్న నటిని తెచ్చే తాహతు లేక సొంత మేనత్తను నిలబెట్టాడు. ఆవిడ రోజంతా కుట్టుమిషను మీద వంగి బతికిన మనిషి. మేనల్లుణ్ణి చూసి అందరూ ఆవిణ్ణి అత్తయ్యా అనేవాళ్ళు. సౌండు చూసే ఈయన ఒక్కడే అక్కయ్యా అనేవాడు.

అత్తయ్య మొహం కెమెరాకు భలే కుదిరింది. మాటే కుదరలేదు. కూతురు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడితే తల్లి అనవలసిన మాట ఒకటుంది. "తలుపు తీసే ఉంది. నువ్వే తట్టలేదు." కథంతా దాని మీదే నిలబడింది.

అద్దం ముందు గడగడా చెప్పే అత్తయ్య, కెమెరా తిరగ్గానే "తలుపు తట్టే ఉంది. నువ్వే తీయలేదు" అంది. సరిచేసుకోబోయి, "నువ్వు తీసే ఉన్నావు. తలుపే తట్టలేదు" అంది. కూతురి వేషం వేసిన అమ్మాయి నవ్వాపుకోలేక వీధిలోకి పరిగెత్తింది.

సినిమాకు డబ్బు పెట్టినాయన మాత్రం నవ్వలేదు. "అత్తయ్య మీద అంత ప్రేముంటే కొత్త కుట్టుమిషను కొనిపెట్టు. నా సినిమా ఎందుకయ్యా? రేపు కూడా మాట మరిచిపోతే వేరే ఆవిణ్ణి దింపుతాను" అన్నాడు.

అత్తయ్య విననట్టు నటించింది. ఆ నటన బ్రహ్మాండంగా కుదిరింది. పెరట్లోకి వెళ్ళి గోడ వైపు తిరిగి గొణుక్కుంది. "వీధి వీధంతా చెప్పుకుని వచ్చానే! తీసేశారని ఏ మొహం పెట్టుకుని చెప్పను? వాడేమో నన్నే నమ్ముకున్నాడు. తలుపు... తట్టి... ఛీ, పాడు తలుపు!"

మెడ దగ్గర గుచ్చిన చిన్న మైకు తీయించుకోవడం మరిచిపోయింది. గోడకు అవతల సౌండాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు విమానాలు మొదలయ్యాయి.

"తలుపు..." అని అత్తయ్య ఆగిందో లేదో, కుడిచేయి పైకి లేచింది. "ఆగండి! విమానం."

"నాకేం వినపళ్ళేదే!" అన్నాడు కెమెరా అతను.

"వినపడితే ఈ ఉద్యోగం నీకే ఇచ్చేవాళ్ళు."

డబ్బు పెట్టినాయన వాకిట్లోకి పోయి ఆకాశాన్ని గుడ్లురిమి చూశాడు. "పోయిందా?"

"మలుపు తిరుగుతోందండీ. పెద్దది."

అది మలుపు తిరిగి పోయేలోపు అత్తయ్య మనసులో తలుపు తీసుకుని, తట్టుకుని, సర్దుకునేది. మరిచిపోయిన పాపం విమానం ఖాతాలో పడేది. ఇక ఆయనకు విమానం బాబాయ్ అనే పేరు స్థిరపడిపోయింది.

వింతేమిటంటే, కూతురి వేషం అమ్మాయి మాట మరిచిపోతే ఆకాశం నిర్మలంగా ఉండేది. అక్షింతలన్నీ ఆ పిల్లకే. అత్తయ్య నాలుక తడబడితే మాత్రం రెక్కల చప్పుడు.

"ఏమయ్యా, సరిగ్గా నా నోటిదాకా వచ్చినప్పుడే వస్తుందేమిటి నీ విమానం?" అని ఆవిడ మండిపడేది.

"నన్నంటే ఏం లాభం అక్కయ్యా? దాని టైము దానిది."

"దాని టైము తగలెయ్య!"

ఓ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ అత్తయ్య పక్కింటావిణ్ణి పలకరించింది. "ఇన్ని విమానాల కింద ఎలా నిద్రపోతారమ్మా మీరు?" పక్కింటావిడ ఎగాదిగా చూసి ఏదో జవాబు చెప్పింది. అత్తయ్య చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయింది. కిందికి దిగేటప్పుడు బట్టలు అక్కడే వదిలేసింది.

మర్నాడు మళ్ళీ తడబడింది. మళ్ళీ చేయి లేచింది. "దిక్కుమాలిన విమానం! దీని రెక్కలు విరిగిపోను!" అని అత్తయ్య ఎన్నడూ లేనంత గట్టిగా తిట్టింది. తిడుతూ ఆయన వైపు మాత్రం చూడలేదు. మళ్ళీ కెమెరా తిరిగింది. కూతుర్ని చూసి, చూసి, "తలుపు తీసే ఉంది" అంది. అక్కడ ఇంకాస్త ఆగింది. ఈసారి చేయి లేవలేదు. "నువ్వే తట్టలేదు."

కట్ చెప్పాల్సిన మేనల్లుడు కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు. డబ్బు పెట్టినాయన ముక్కు చీదాడు. ఆ చప్పుడుకు మాత్రం బాబాయ్ నిజంగానే కళ్ళెర్రజేశాడు. వేరే ఆవిడ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సినిమాను మొదట ఏ హాలువాళ్ళూ తీసుకోలేదు. తర్వాత ఒక చలనచిత్రోత్సవంలో వేస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "మాటకు ముందు ఆమె నిలిపే మౌనమే ఈ చిత్రానికి ప్రాణం" అని పత్రికలో రాశారు. మేనల్లుడు చదివి వినిపించాడు.

"మౌనమేమిట్రా? గుర్తురాక చస్తుంటేనూ!" అంది అత్తయ్య.

బహుమతులిచ్చే రోజు శబ్దానికి కూడా ఒకటి వచ్చింది. బాబాయ్‌ని వేదిక మీదికి పిలిచి మైకు చేతికిచ్చారు. జీవితమంతా మైకు వెనకే ఉన్న మనిషి, దాని ముందు నిలబడేసరికి బిగుసుకుపోయాడు. "ఈ... ఇది... నేను..." అన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

ముందువరుసలో అత్తయ్య లేచింది. ఎడమచేయి చెవి మీద పెట్టి, కుడిచేయి పైకెత్తి, కళ్ళు మూసుకుంది.

"ఆగండి! విమానం."

హాలంతా నిశ్శబ్దమైపోయింది. పెద్దమనుషులందరూ తలలెత్తి పైకప్పు చూశారు. డబ్బు పెట్టినాయన అలవాటు కొద్దీ గుడ్లురిమాడు. బాబాయ్ అత్తయ్యనే చూస్తూ నిండుగా ఊపిరి తీసుకున్నాడు.

"పోయిందా అక్కయ్యా?"

"మలుపు తిరుగుతోంది. తొందరేం లేదు."

ఆయన నవ్వేశాడు. మాట దొరికింది. "ఇందులో మీరు విన్నదంతా మా అక్కయ్యదండీ. నేను చేసిందల్లా అప్పుడప్పుడు ఆగమనడమే."

ఇప్పుడు సినిమావాళ్ళు అత్తయ్యకు కూడా ఆ చెవులే వచ్చాయని చెప్పుకుంటున్నారు. షూటింగు జరిగిన ఊరి మీదుగా విమానాలు వెళ్ళవు.